పువ్వు చూసి ఒకరు, వేరు తవ్వి ఒకరు

ఆగస్టులో మధ్య బ్రెజిల్ నాలిక పిడచకట్టుకుని ఉంటుంది. చినుకు పడి నెలలు దాటింది. గడ్డి కాలినచోట నేల నల్లగా, కాలనిచోట ఎండుగడ్డి రంగులో కనిపిస్తుంది. ఆ మసిలోంచి మూరెడు ఎత్తున ఒక పుల్ల లేస్తుంది. పుల్ల కొసన అరచేతిలో సగం పట్టేంత పసుపుపచ్చ పువ్వు. ఐదు రేకలు, నడుమ లెక్కపెట్టబోతే విసుగొచ్చేన్ని కేసరాలు. ఆకు ఒక్కటీ ఉండదు. ఎవరో దారినపోయేవాళ్లు ఎండుపుల్లకి పువ్వు గుచ్చి వెళ్లారేమో అనిపించే మొక్క అది.

అక్కడివాళ్లు దాన్ని అల్గొదాంజిన్యో అంటారు. చిట్టిపత్తి అన్నమాట. కాయ పగిలితే లోపల తెల్లటి దూది, దూదిలో గింజలు ఉంటాయి కనక ఆ పేరు. శాస్త్రం దాన్ని కోక్లోస్పెర్మమ్ రీజియం అంటుంది. దాదాపు ఇరవై లక్షల చదరపు కిలోమీటర్లు పరుచుకున్న సెరాదో అనే గడ్డిమైదానం దాని పుట్టిల్లు. సెరాదోలో మొక్కల జాతులు పన్నెండువేల దాకా ఉంటాయి. వాటిలో చెట్లకంటే నేలకి అంటిపెట్టుకుని బతికే చిన్నాచితకా మొక్కలే ఎక్కువ. అంత గుంపులో ఈ ఒక్కదాన్ని పట్టుకుని 'ఇదే' అనడం ఎలా?

ఈ ప్రశ్నకి పందొమ్మిదో శతాబ్దపు పుస్తకాలు రెండు రెండు రకాలుగా జవాబు చెప్పాయి. ఒకటి ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త ఓగ్యుస్త్ ద సెంతిలేర్ రాసిన 'ప్లాంత్ యుజ్యుయెల్ దే బ్రెజిలియెన్', బ్రెజిల్ ప్రజలు వాడుకునే మొక్కలు అని అర్థం. 1824 నుంచి 1828 దాకా భాగాలు భాగాలుగా వచ్చింది. రెండోది జర్మన్ వృక్షశాస్త్రవేత్త మార్షియస్ మొదలుపెట్టిన 'ఫ్లోరా బ్రసిలియెన్సిస్'. 1840లో మొదలై 1906లో గాని ముగియలేదు. మొదటిది డెబ్బై బొమ్మల చిన్న పుస్తకం. రెండోది పదిహేను సంపుటాలు, నలభై భాగాలు, 22,767 జాతులు, 3,811 బొమ్మలు, అరవై ఐదుమంది వృక్షశాస్త్రవేత్తలు. ఏనుగు పక్కన ఎలకని నిలబెట్టి పోల్చడమేమిటని ఎవరైనా నవ్వచ్చు. ఈ ఒక్క మొక్క దగ్గరికి వచ్చేసరికి ఎలక చూసింది ఏనుగు చూడలేదని నా అభిప్రాయం. అయితే ఆ మాట అనే ముందు ఏనుగుకి దక్కాల్సింది దక్కాలి.

మార్షియస్ బవేరియా రాజు పంపగా 1817లో తోటి శాస్త్రవేత్త స్పిక్స్‌తో కలిసి బ్రెజిల్‌లో దిగి, 1820 దాకా తిరిగాడు. ఆయన ఇంకా అక్కడ తిరుగుతుండగానే, 1819లో, మ్యూనిక్‌లో ష్రాంక్ అనే వృక్షశాస్త్రవేత్త ఈ మొక్కని మాక్సిమిలియానియా రీజియా అనే పేరుతో ప్రచురించాడు. రాజుగారి పేరు మాక్సిమిలియన్, రీజియా అంటే రాజసంబంధమైనది. ఖర్చు పెట్టినవాడి పేరు పువ్వుకి పెట్టడం మన కృతిభర్తల సంప్రదాయానికి దూరమేమీ కాదు. అంతటితో ఊరుకోలేదు. 1824లో మార్షియస్, జుకారినీ కలిసి అదే మొక్కకి విట్టెల్స్‌బాకియా అన్నారు. అది ఆ రాజవంశం పేరు. ఒక పుల్ల మీద అన్ని కిరీటాలు!

సెంతిలేర్ పుస్తకంలోకి వచ్చేసరికి కిరీటాలన్నీ దిగిపోయాయి. 1822లో కున్త్ అనే మరో శాస్త్రవేత్త కోక్లోస్పెర్మమ్ అనే ప్రజాతిని ఏర్పరిచాడు. గింజ నత్తగుల్లలా మెలిక తిరిగి ఉంటుంది కనక 'నత్తగింజ' అని దాని అర్థం. మన మొక్క ఆ ప్రజాతిదేనని సెంతిలేర్ పోల్చుకుని కోక్లోస్పెర్మమ్ ఇన్సిగ్నే అని రాశాడు. తర్వాత ఇరవయ్యో శతాబ్దంలో పిల్గర్ అనే వృక్షశాస్త్రవేత్త పాత జాతిపేరుని కొత్త ప్రజాతిపేరుకి అతికించి ఇప్పటి పేరు స్థిరపరిచాడు. రాజు పోయాడు, నత్త మిగిలింది. రాచరికానికి గుర్తుగా రీజియం అనే విశేషణం ఒకటి తోకలా వేలాడుతోంది.

పేర్ల కథ ఇంతసేపు చెప్పడానికి కారణముంది. గుర్తించడమంటే పేరు పెట్టడం కాదు. పేరు ఒకసారి పెడితే అయిపోతుంది. గుర్తించడం మాత్రం ఎండలో నిలబడ్డ ప్రతి మనిషీ ప్రతిసారీ మొదటినుంచి చేసుకోవాల్సిన పని. ఆ పనికి ఏ పుస్తకం ఎంతవరకు పనికొస్తుందన్నదే ఇక్కడ లెక్క.

ఫ్లోరా బ్రసిలియెన్సిస్‌లో ఈ మొక్క కుటుంబాన్ని రాసింది ఐఖ్లర్, 1871లో. మార్షియస్ పోయి అప్పటికి మూడేళ్లు. ఐఖ్లర్ జర్మనీలో కూర్చుని, ఎవరెవరో తెచ్చిన ఎండుమొక్కల కాగితాలు ముందేసుకుని లాటిన్‌లో రాశాడు. ఆ గ్రంథమంతటా ఒకటే వరస: కాండం, ఆకు, పూగుత్తి, రక్షకపత్రాలు, రేకలు, కేసరాలు, అండాశయం, కాయ, గింజ. ఆ తర్వాత అది దొరికిన చోటు, సేకరించినవాడి పేరు. అనవసరమైన మాట ఒక్కటీ ఉండదు. మంచి కంసాలి తూకంలా ఉంటుంది. లాటిన్ రాని నాబోటివాడికి కూడా, నిఘంటువు పక్కన పెట్టుకుని నాలుగు పుటలు కుస్తీ పడితే ఆ తూకం రుచి తెలుస్తుంది.

ఆ తూకానికున్న బలం ఏమిటో ఈ పువ్వులోనే చూడచ్చు. మందార పువ్వులో కేసరాలన్నీ అతుక్కుని ఒక గొట్టమై, ఆ గొట్టం పువ్వు బయటికి పొడుచుకొస్తుంది. పత్తిలోనూ కేసరాలు గొట్టం కట్టే ఉంటాయి. చిట్టిపత్తిలో గొట్టం లేదు, ఏ కేసరానికి ఆ కేసరం విడిగా నిలబడుతుంది. కేసరం కొసనున్న పరాగకోశం నిలువునా చీలదు. కొసన సన్నటి రంధ్రం తెరుచుకుంటుంది. ఉప్పుబుడ్డీ మూతకుండే చిల్లు లాంటిదనుకోండి. పుప్పొడి కావాలంటే బుడ్డీని కుదపాలి. పెద్ద తేనెటీగలు, తుమ్మెదలు పువ్వుని కాళ్లతో వాటేసుకుని, రెక్కల కండరాలు ఝుమ్మని అదిరిస్తే పొడి జల్లుమని రాలుతుంది. కింద రక్షకపత్రాలు ఐదు, అందులో బయటి రెండూ చిన్నవి, లోపలి మూడూ పెద్దవి. కాయ పండి పగిలితే పైతొక్క, లోతొక్క వేరువేరుగా విడిపోతాయి. ఇలాంటివి దారినపోయేవాడి కంటికి ఆనవు. దీపం కింద, భూతద్దం పట్టుకుని, ఒక పువ్వుని నీళ్లలో నానబెట్టి విప్పినవాడికే తెలుస్తాయి. ఫ్లోరా అలాంటివాళ్ల పుస్తకం.

దూది చూసి మోసపోయినవాళ్లు తక్కువేమీ కాదు. బ్రెజిల్ జనం చిట్టిపత్తి అన్నారు. ఈ మొక్కకి మన కొండల్లో ఒక అక్క ఉంది, కొండగోగు. అదీ కోక్లోస్పెర్మమే, రెలిజియోసమ్ అనే జాతి. నల్లమలలో, తూర్పు కనుమల్లో గిరిజనులు బంక తీసే చెట్టు. దాన్ని లినేయస్ బూరుగు ప్రజాతిలో వేశాడు. దూదే కారణమై ఉండాలి. మనవాళ్లు గోగు అన్నారు, బహుశా వేళ్లలా చీలిన ఆకుని చూసి. పత్తి, బూరుగు, గోగు: మూడు చోట్ల మూడు రకాల మనుషులు ఒకే వీధిలో మూడు తలుపులు తట్టారు. కేసరాలు విప్పి చూసిన శాస్త్రం ఆ వీధే కాదు పొమ్మని, ఈ మొక్కల్ని తీసుకెళ్లి జాఫ్రా గింజల చెట్టు పక్కన పెట్టింది. తమాషా ఏమిటంటే, 1998లో జన్యువుల లెక్కన కొత్త వర్గీకరణ వచ్చినప్పుడు జాఫ్రా, కొండగోగు కుటుంబాలు పత్తి, మందార ఉన్న మాల్వేల్స్ క్రమంలోకే చేరాయి. ఇల్లు తప్పినా వీధి తప్పలేదు జనం.

ఇప్పుడు ఏనుగు తడబడ్డ చోటికి వద్దాం.

ఈ మొక్క పూసేటప్పుడు ఆకుండదు, ఆకున్నప్పుడు పువ్వుండదు. జులై, ఆగస్టు, సెప్టెంబరుల్లో సేకరించిన కాగితం మీద ఒక పుల్ల, గోధుమరంగుకి తిరిగిన రేకలు. వానలు పడ్డాక సేకరించిన కాగితం మీద మూడు నుంచి ఐదు తమ్మెలుగా చీలి అంచులు రంపపు పళ్లలా ఉన్న ఆకులు, పువ్వు సున్నా. మూడో కాగితానికి చిన్న కవరు అతికించి ఉంటుంది, దానిలో దూది. ఈ మూడూ ఒకే మొక్కవని కాగితాలు చెప్పవు. సేకరించినవాడు చీటీ మీద రాసి ఉండాలి, లేదా చదివేవాడు నమ్మాలి.

అంతకంటే పెద్ద చిక్కు ఒకటుంది. దక్షిణ అమెరికాలో ఈ ప్రజాతివి వేరే జాతులూ ఉన్నాయి. విటిఫోలియం అనేది చెట్టు, పది పదిహేను మీటర్లు పెరుగుతుంది, ఈశాన్య బ్రెజిల్‌లోనూ కనిపిస్తుంది. అమెజాన్ వైపు ఒరినోసెన్స్ అనే మరో చెట్టు ఉంది. దాని ఆకు చీలడంతో ఊరుకోక పూర్తిగా విడివిడి పత్రకాలవుతుంది కనక ఆకు దొరికితే దానితో పేచీ లేదు. విటిఫోలియం మాత్రం ఆకు రాల్చి పూసినప్పుడు, కొమ్మ కొస తెంపి కాగితం మీద అతికిస్తే, మన పుల్లకీ దానికీ తేడా చెప్పడం కష్టం. తేడా అంతా కాగితం బయట ఉంది. ఒకటి తలెత్తి చూడాల్సిన చెట్టు, ఇంకొకటి వంగి చూడాల్సిన మొక్క. ఆ తేడా పుస్తకంలోకి ఎలా వచ్చిందంటే, ఎండలో నిలబడి కోసినవాడు చీటీ మీద రాసిన ఒక్క మాట వల్ల. 'చెట్టు' అనో 'సఫ్రుటెక్స్' అనో. భూతద్దం పెట్టి చూసిన వంద లక్షణాలకంటే ఆ చీటీ మీది మాటే ఇక్కడ ఎక్కువ పని చేస్తుంది. ఫ్లోరా బ్రసిలియెన్సిస్ గొప్పతనమంతా ఇలాంటి పరాయి చేతిరాతల మీద నిలబడి ఉంది.

సఫ్రుటెక్స్ అనే మాటకి తెలుగు వెతికాను. మన పాఠ్యపుస్తకాల్లో గుల్మం, పొద, వృక్షం అని మూడు అరలున్నాయి. ఇది ఏ అరలోనూ ఇమడదు. అడుగుభాగం చెక్కబారి ఏళ్లతరబడి బతుకుతుంది, పైభాగం ఎండకో మంటకో పోయి మళ్లీ మొలుస్తుంది. ఉపపొద అనచ్చుగానీ, ఆ మాట వింటే ఎవరికీ ఏదీ కళ్లకు కట్టదు. కొట్టేసిన మోడు నుంచి ఏటేటా చిగిర్లు లేచే చెట్టుని మనం చూస్తుంటాం. అలాంటి మోడు నేలలోపల దాక్కుంటే ఎలా ఉంటుందో అదీ ఈ మొక్క. దక్షిణ అమెరికా మైదానాల్లో తిరిగిన స్వీడన్ శాస్త్రవేత్త లిండ్‌మన్ ఆ నేలలోపలి మోడుకి 1900లో జైలోపోడియం అని పేరు పెట్టాడు. అంటే సెంతిలేర్‌కిగానీ ఐఖ్లర్‌కిగానీ ఆ మాటే అందుబాటులో లేదు.

మాట లేకపోయినా సెంతిలేర్ దాని దగ్గరికి వెళ్లాడు. శాస్త్రం తీసుకెళ్లలేదు, నాటువైద్యం తీసుకెళ్లింది.

ఆయన 1816లో వచ్చి 1822 దాకా బ్రెజిల్‌లో ఉన్నాడు. ఊళ్లలో ఆగేవాడు, అడిగేవాడు. ఒకసారి అడవి కందిరీగల తేనె తిని ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు కూడా. మొక్కని కళ్లతో చూసి ఊరుకునే రకం కాదు. ఆయన చిన్న పుస్తకంలో ఒక్కో మొక్కకి శాస్త్రీయ వర్ణన ఉంటుంది, తర్వాత ఫ్రెంచిలో జనం దాన్ని ఏమంటారు, ఏం చేస్తారు అన్న కథనం ఉంటుంది. బయటినుంచి దిగుమతయ్యే మందులకి బదులు పెరట్లో ఏముందో చూపించాలన్న తాపత్రయం కనిపిస్తుంది. పుస్తకం మొదలవడమే సెరాదోలోని ఒక ముసిడి జాతితో మొదలవుతుంది. జ్వరానికి సింకోనా బదులు వాడే చెట్టు అది.

చిట్టిపత్తి ఆ పుస్తకంలోకి ఎక్కింది పువ్వు అందం వల్ల కాదు, వేరు వల్ల. కిందపడో, దెబ్బ తగిలో లోపల నొప్పి పట్టినవాళ్లకి వేరు కషాయం ఇస్తారని, కట్టిన గడ్డలు కూడా మానతాయని జనం చెప్పింది సెంతిలేర్ నమోదు చేశాడు. అది నిజంగా పనిచేస్తుందా అన్నది వైద్యుల తగువు. నాకు ఆసక్తి కలిగించేది వేరే. 'ఇది దేనికి పనికొస్తుంది?' అని అడిగినవాడికి జవాబు నేలలోపల దొరికింది. 'ఇది ఎలా ఉంది?' అని అడిగినవాడు నేల దగ్గరే ఆగిపోయాడు. ఎండుమొక్కల కాగితం పొడవు మూరెడు. తొడ లావు వేరు దానిమీద అతకదు. అతకనిది చూడరు, చూడనిది రాయరు. హెర్బేరియం, అంటే ఎండుమొక్కల కాగితాల భండారం ఆధారంగా కట్టిన పుస్తకానికి ఇది పుట్టుకతో వచ్చిన లోపం. ఈ ఒక్క మొక్కలో పడిన పొరపాటు కాదు.

ఫ్లోరాకి ఈ విషయం తెలియదనడం అన్యాయం. మొదటి సంపుటంలో యాభైతొమ్మిది నిసర్గ దృశ్యాల లితోగ్రాఫులున్నాయి. మార్షియస్ ఆ నేలని ఎంత ప్రేమగా చూశాడో వాటిలో తెలుస్తుంది. కొన్ని కుటుంబాల చివర ఉపయోగాల గురించి కూడా రాశారు. కానీ దృశ్యం ఒక సంపుటంలో, కేసరం ఇంకో సంపుటంలో, ఉపయోగం కుటుంబం చివర. ముప్పై ఏళ్ల ఎడం పడ్డ మూడు ముక్కల్ని పాఠకుడే కుట్టుకోవాలి. సెంతిలేర్ దగ్గర అవి ఒకే చోట ఉన్నాయి. ఆకు ఏది, కాయ ఏది, దీన్ని ఏమని పిలుస్తారు, ఎక్కడ తవ్వుతారు, ఎందుకు తవ్వుతారు, అన్నీ రెండు మూడు పుటల్లో.

అలాగని చిన్న పుస్తకాన్నే నమ్ముకుని సెరాదోలో దిగితే మునిగిపోతాం. అందులో లేని మొక్క ఎదురైతే అది ఒక్క ముక్క మాట్లాడదు. డెబ్బై బొమ్మలెక్కడ, పన్నెండువేల జాతులెక్కడ! పోలికగల రెండు జాతుల్ని పక్కపక్కన పెట్టి తేడా చెప్పే ఏర్పాటూ లేదు. విటిఫోలియం చెట్టు కింద నిలబడి సెంతిలేర్ పుస్తకం తెరిస్తే పువ్వు సరిపోతుంది, దూది సరిపోతుంది, 'దొరికింది' అనుకుని ఇంటికి వెళ్లిపోతాం. ఆ తప్పు జరగనివ్వనిది ఫ్లోరా ఒక్కటే. నిజానికి ఈ రెండు పుస్తకాల్లో ఏది లేకపోతే ఎక్కువ నష్టమని అడిగితే, ఫ్లోరా లేకపోతేనే అంటాను. ఏది చదవడానికి ఇష్టమంటే జవాబు వేరు.

రెండింటికీ నడుమ పడిన ఖాళీని పూడ్చినవాడు డెన్మార్క్ కుర్రాడు వార్మింగ్. 1863 నుంచి 1866 దాకా లాగోవా సాంతా అనే ఊళ్లో, అంతకుముందు గుహల్లో శిలాజాలు తవ్విన లుండ్ దగ్గర సహాయకుడిగా ఉన్నాడు. తిరిగింది ఒక ఊరి చుట్టుపక్కలే, తెచ్చింది రెండువేల అయిదువందలకి పైగా జాతులు. 1892లో వచ్చిన ఆయన పుస్తకం మంటని, నేలలోపలి కాండాన్ని మొక్క లక్షణాలుగా చూసింది. అప్పటిదాకా అవి మొక్కకి జరిగే ప్రమాదాల్లా ఉండేవి. సెరాదోలో చాలా వంశాలు ఇలా నేలలోకి దిగడం భూమి వయసులో నిన్నమొన్నటి సంగతేనని, నలభై లక్షల ఏళ్ల లోపుదని, మండే గడ్డి విస్తరించడంతో పాటే జరిగిందని 2009లో జన్యు పరిశోధన చెప్పింది. మన జీడిమామిడికి కూడా అక్కడ మోకాలెత్తు చుట్టం ఉంది. చెట్టంతా నేల కింద, జీడిపండు మాత్రం గడ్డిలో.

ఒక వేసవిలో శ్రీశైలం దారిలో ఆకులేని కొమ్మల నిండా పసుపుపూలు చూసి ఆగాను. ఫోన్ తీసి పువ్వుకి ఎదురుగా పెట్టాను. నాతో వచ్చిన చెంచు పెద్దాయన పువ్వు వైపు చూడనే లేదు. కాండం మీద పాత గాటు వేలితో తడిమి, గాటు అంచున గట్టిపడిన బంకబొట్టు గోటితో గిల్లి నా చేతిలో పెట్టాడు. "కొండగోగయ్యా. పువ్వెందుకు, ఇది చూడు" అన్నాడు. ఫోన్ కూడా ఆ పేరే చెప్పింది, లాటిన్‌లో, కొంచెం ఆలస్యంగా. నా ఫోన్ ఐఖ్లర్ శిష్యుడు, ఆ చెంచు పెద్దాయన సెంతిలేర్‌కి సమాచారం చెప్పినవాళ్ల వంశం.

ఆ వంశపు జ్ఞానానికి ఒక చేదు అంచు ఉంది. బంక కోసం గాటు పెడితే, లోతు మించకపోతే చెట్టు బతుకుతుంది. వేరు కోసం తవ్వితే మొక్కే పోతుంది. చిట్టిపత్తి వేరుని మధ్య బ్రెజిల్‌లో ఇప్పటికీ ఆడవాళ్ల వ్యాధులకీ, వాపులకీ మందుగా అమ్ముతారు. మంట ఎన్నిసార్లు వచ్చినా చావని మొక్క పలుగుకి చస్తుంది. సెంతిలేర్ పుస్తకం గుర్తుపట్టడం నేర్పిన పద్ధతి, గుర్తుపట్టిన మొక్కని మిగలనివ్వని పద్ధతి కూడా.

అందుకని తవ్వకుండా చూడాలి. మోకాళ్ల మీద కూర్చుని, పుల్ల మొదట్లో మసినీ ఎర్రమట్టినీ అరచేత్తో పక్కకి తొయ్యాలి. నాలుగు వేళ్ల లోతులోపే చెక్కబారిన బుడిపె తగులుతుంది. దానిమీద కిందటేడు కాలిన పుల్లల మొదళ్లు, అంతకు ముందేడువి, నల్లగా, పొట్టిగా, ఒకదాని పక్కన ఒకటి. ఎన్ని ఉన్నాయో చూసుకుని, మట్టి మళ్లీ కప్పి, చీటీ మీద రాసుకోవాలి.